గుద్దుకోకుండనే శక్తి చేతులు మారుతది

మంట వేడి గిన్నెకు, గిన్నె వేడి నీళ్లకు అందుతది. ఒక కణం ఇంకో కణాన్ని గుద్దుతది, తన ఊపుల ఇంత పంచుతది. మనకు తెలిసిన లెక్క గిదే. మరి కణాలు ఒకదాన్నొకటి గుద్దుకోని కాడ శక్తి ఎట్ల చేతులు మారుతది?

గసుంటి జాగ మన నెత్తిమీదనే ఉన్నది. గాలి బాగ వేడెక్కితె పరమాణువులకెల్లి ఎలక్ట్రాన్లు ఊడొస్తయి. గదే ప్లాస్మా. మెరుపుల, ట్యూబ్‌లైటుల ఉన్నది గదే. సూర్యుని నుంచి అసుంటి గాలి సెకండుకు దాదాపు 400 కిలోమీటర్ల జోరుతోని వీస్తనే ఉంటది. కాని చానా పల్చన. భూమి దగ్గర ఒక ఘన సెంటీమీటరుకు ఐదారు ప్రోటాన్లే. ఒక కణం ఇంకోదాన్ని గుద్దాలంటె సుమారు 15 కోట్ల కిలోమీటర్లు పోవాలె. అంటె సూర్యునికి, మనకు ఉన్నంత దూరం! అయినా ఆ గాలిల లేచిన అలలు సల్లారుతయి, కణాలు వేడెక్కుతయి.

ఎట్లంటె సూడుండ్రి. జనగామ రోడ్డు మీద ఒక ట్రాక్టర్ న్యూట్రల్‌ల దొర్లుతున్నది. దానికన్న జర నిదానంగ సైకిల్ తొక్కే పోరడు ట్రాలీ పట్టుకున్నడు. వాని జోరు పెరిగింది, ట్రాక్టర్ జోరు గంత తగ్గింది. జర జోరుగ వచ్చినోడు ఎనుక నుంచి ట్రాలీని నూకిండు. ట్రాక్టర్‌కు ఊపొచ్చింది. రోడ్డు పక్కన నిలబడ్డోనికి, బైకు మీద రయ్యిన పోయినోనికి ఏం సంబంధం లేదు.

అల ఆ ట్రాక్టర్. కణాలు సైకిళ్లు. పట్టుకునే చెయ్యి అలల ఉన్న విద్యుత్ క్షేత్రం. మామూలు ప్లాస్మాల అల కన్న జర నిదానంగ పోయే కణాలే ఎక్కువ. అందుకే అల ఇచ్చుకుంటనే పోయి సల్లబడుతది. 1946ల రష్యా శాస్త్రవేత్త లాండౌ గీ సంగతి కాయితం మీద లెక్కగట్టిండు. 1964ల అమెరికాల మాల్మ్‌బర్గ్, వార్టన్ ప్రయోగశాలల కొలిచిండ్రు. సూర్యుడు పేలినప్పుడు జోరు ఎలక్ట్రాన్ల గుంపు దూసుకొస్తె లెక్క తిరగబడుతది. కణాలు ఇస్తయి, అల పెరుగుతది.

గిది మనకెందుకు? భూమి సుట్టు ఉన్న అలలు ఎలక్ట్రాన్లను కాంతి వేగం దగ్గరిదాక నూకుతయి. గవి ఉపగ్రహాలను ఖరాబు చేస్తయి. సూర్యుని తుఫాను కరెంటు లైన్లను సుత కొడుతది. 1989 మార్చిల కెనడాల క్యూబెక్ గ్రిడ్ కూలి 60 లక్షల మంది చీకట్ల పడ్డరు. భూపాలపల్లి కాడ పుట్టే కరెంటు సుత లైన్ల మీదికెల్లే పోవాలె గదా.

మన దేశం గీ ఎతుకులాటల ఉన్నది. 2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుంచి లేచిన ఆదిత్య-ఎల్1, 2024 జనవరి 6న 15 లక్షల కిలోమీటర్ల దూరంల తన జాగకు చేరింది. దాంట్ల పాపా అనే పరికరం ఎలక్ట్రాన్లను, అయాన్లను కొలుస్తది. మ్యాగ్నెటోమీటర్ అయస్కాంత క్షేత్రం ఊగుడు సూస్తది. ఆ డేటాను ఇస్రో ప్రదాన్ పోర్టల్‌ల పెట్టింది.

నేను పెద్ద కాలేజీలు తొక్కినోన్ని కాదు, పుస్తకాలు ముందటేసుకొని నేర్చుకున్నోన్ని. నా మాట ఒక్కటే. మానుకోటల ఎంపీసీ చదివే చెల్లెకు ఫోనుల డేటా ఉన్నది, కాని ఆమె బాసల చెప్పేటోళ్లు, ల్యాబు, కంప్యూటరు లేవంటె ఆ డేటా తాళమేసిన అర్రే. సర్కారు కాలేజీల గవి అడుగుండ్రి. అడిగేటప్పుడు గీ ముచ్చట కూడ చెప్పుండ్రి.