మన కార్మికోద్యమం – చెరకు తోట నుండి ఓటు పెట్టె వరకు

మే 1వ తేదీ మన మారిషస్‌లో సెలవు దినం. ఆనాడు సభలు, ఉపన్యాసాలు జరుగుతాయి. ఆ సెలవు మనకు ఎట్లా వచ్చిందో యువతీయువకులలో తెలిసినవారు తక్కువ. అందుచేత ఆ చరిత్రను ఇక్కడ క్లుప్తంగా చెప్పదలచాము.

1834 నుండి 1910 వరకు సుమారు నాలుగున్నర లక్షల మంది భారతీయులు ఒప్పందపు కూలీలుగా ఈ దీవికి వచ్చారు. మన పూర్వులలో ఎందరో కోరంగి రేవులో ఓడ ఎక్కినవారే. అందువల్లనే మనకు ఇక్కడ 'కొరంగీలు' అనే పేరు వచ్చింది. మొదటి ఒప్పందాలలో మగవారి జీతం నెలకు 5 రూపాయలు. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోసేవారు. అనుమతి చీటీ లేకుండా తోట దాటితే దేశదిమ్మరి అని జైల్లో పెట్టేవారు. 1871లో అడోల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే దయామయుడు 9,401 మంది పాత కూలీల పక్షాన గవర్నరుకు అర్జీ సమర్పించాడు. విచారణకు రాయల్ కమిషన్ వచ్చింది. అయినా కూలివారికి తమదంటూ ఒక సంఘం లేదు. కష్టం చెప్పుకోవాలంటే ఒక్కొక్కరూ ఒంటరిగా వెళ్ళవలసిందే.

1936 ఫిబ్రవరి 23న డాక్టర్ మోరిస్ క్యూరే లేబర్ పార్టీని స్థాపించారు. పండిత సహదేవ్, ఇమాన్యుయెల్ ఆంక్తిల్ వంటివారు ఆయనకు తోడైనారు. మరుసటి ఏడే పెద్ద పరీక్ష ఎదురైంది. మన చిన్న రైతులు 'ఊబా' అనే మొండి జాతి చెరకు వేసేవారు. 1937లో మిల్లులవారు దాని ధరను నూటికి 15 వంతులు తగ్గించారు. చిన్న రైతు, కూలివాడు తరచు ఒకే ఇంటివారు: తనకున్న చెక్కలో చెరకు వేసుకొని, మిగతా రోజులు తోటలో కూలికి పోయేవారు. కనుక దెబ్బ ఇద్దరికీ తగిలింది, ఇద్దరూ కలిసి నిలబడ్డారు. ఆగస్టు 13న యూనియన్ ఫ్లాక్ తోటలో కాల్పులు జరిగి నలుగురు చనిపోయారు. ఆ తోట యజమానులు కూడా భారత సంతతివారే! జాతి ఒక్కటైనంత మాత్రాన కూలివాడి కష్టం తీరదని ఆనాడు తేలిపోయింది.

తరువాత హూపర్ విచారణ సంఘం నివేదిక ఇచ్చింది. 1938లో కార్మిక సంఘాలకు చట్టం గుర్తింపు ఇచ్చింది, కార్మిక శాఖ ఏర్పడింది. ఆ ఏడు మే 1న పోర్ట్ లూయీ షాం ద మార్స్ మైదానంలో కార్మికులు మొదటిసారి మే దినోత్సవం జరుపుకొన్నారు. సెప్టెంబరులో రేవు కార్మికులు సమ్మె చేయగా ప్రభుత్వం ఆంక్తిల్‌ను రోద్రిగ్ దీవికి పంపివేసింది. చట్టం వచ్చినంత మాత్రాన హక్కు చేతికి రాదు గదా!

1943 సెప్టెంబరు 27న బెల్ వ్యూ అరెల్‌లో పోలీసులు సమ్మెకారులపై కాల్పులు జరిపారు. నలుగురు ప్రాణాలు కోల్పోయారు. వారిలో అంజలై కూపెన్ నిండు గర్భిణి. ఆమె పేరుతో ఈనాడు బెల్ వ్యూలో క్రీడారంగం ఉన్నది.

ఇక ముఖ్యమైన సంగతి. 1947 రాజ్యాంగం ప్రకారం, ఈ దేశంలో వాడుకలో ఉన్న ఏదో ఒక భాషలో చిన్న వాక్యాలు చదివి వ్రాయగలిగిన వయోజనులకు ఓటు హక్కు వచ్చింది. ఆ భాషలలో మన తెలుగు ఒకటి. బిసున్‌దయాల్ సోదరుల సేవకులు ఊరూరా అక్షరాలు నేర్పారు. పగలంతా చెరకు కొట్టిన చేతులు రాత్రి పలక పట్టాయి. అంతకుముందు ఓటర్లు సుమారు 12,000. 1948 ఎన్నికల నాటికి 70,000 దాటారు. అట్లా ఎన్నికైనవారి కృషి వల్లనే 1950లో మే 1 సెలవు దినమైంది.

సంఘం మన పెద్దలకు బలమిచ్చింది. అక్షరం ఆ బలానికి ఓటు ఇచ్చింది. తెలుగు నేర్చుకొంటే కూడు పెడుతుందా అని కొందరు తల్లిదండ్రులు అడుగుతూ ఉంటారు. ఒకనాడు ఆ అక్షరాలే మన తాతలను ఓటర్లను చేశాయని వారికి మనవి చేస్తున్నాము. వచ్చే మే 1న ఈ మాట మన ఇంటి పిల్లలకు చెప్పుదాము.