అకౌంటింగ్ సహాయ ఆచార్యుల నియామకం

అకౌంటింగ్ సహాయ ఆచార్యుల నియామకం అనగా విశ్వవిద్యాలయాలలో పద్దుల శాస్త్రమును బోధించుటకు తొలిస్థాయి అధ్యాపకులను ఎన్నుకొనే విధానం. రాజస్థాన్ విశ్వవిద్యాలయంలో అకౌంటెన్సీ, వ్యాపార గణాంకశాస్త్రములకు కలిపి ప్రత్యేక విభాగం కలదు. ఆంధ్ర, ఉస్మానియా వంటి విశ్వవిద్యాలయాలలో మాత్రం ఈ అధ్యాపకులు వాణిజ్యశాస్త్ర శాఖలోనే నియమితులవుతారు. అందువలన పద్దులు బోధించవలసిన వ్యక్తి కూడా మార్కెటింగ్, బ్యాంకింగ్ బోధించేవారితో కలిసి ఒకే వడపోతకు నిలవాలి.

'''అర్హతలు'''

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం స్నాతకోత్తర పట్టాలో 55 శాతం మార్కులు, దానితోపాటు నెట్ గాని, రాష్ట్రస్థాయి సెట్ గాని ఉత్తీర్ణత ఉండాలి. నిర్ణీత పద్ధతిలో పీహెచ్‌డీ పొందినవారికి నెట్ నుండి మినహాయింపు ఉన్నది. విశ్వవిద్యాలయ శాఖలలో పీహెచ్‌డీని 2021 జూలై 1 నుండి తప్పనిసరి చేయదలచి, రెండేళ్ళు వాయిదా వేసి, చివరకు 2023లో ఆ షరతును విరమించుకున్నారు. ఆ నిబంధనలలో మూలవేతనం 57,700 రూపాయలు.

నెట్ వాణిజ్యశాస్త్ర పాఠ్యప్రణాళికలోని పది విభాగాలలో అకౌంటింగ్, ఆడిటింగ్‌లది ఒక్కటే. ఆదాయపు పన్ను మరొక విభాగం. ప్రశ్నలన్నీ బహుళైచ్ఛికములే. చిట్టా వ్రాసి, ఆవర్జాకు ఎక్కించి, అంకణా తయారుచేసి చూపవలసిన అవసరం అభ్యర్థికి కలుగదు.

'''వడపోత, ముఖాముఖి'''

ముఖాముఖికి పిలువదగినవారిని ఎంచుటకు నూరు మార్కుల పట్టిక ఉన్నది. విశ్వవిద్యాలయాల పట్టికలో పీహెచ్‌డీకి 30, జేఆర్ఎఫ్‌తో కూడిన నెట్‌కు 7, కేవలం నెట్‌కు 5, సెట్‌కు 3 మార్కులు. పరిశోధన వ్యాసాలకు 10, బోధనానుభవానికి 10 వరకు ఇస్తారు. ఈ మార్కులు పిలుపు కొరకే. తుది ఎంపిక ముఖాముఖిపైనే ఆధారపడుతుంది. ఆ సందర్భంలో అభ్యర్థిచేత తరగతి పాఠం చెప్పించి చూడవచ్చునని నిబంధనలు సూచించాయి గాని, తప్పనిసరి చేయలేదు. ఇది పెద్ద లోపమని చెప్పక తప్పదు. అంకణా కుదరనప్పుడు పొరపాటు ఎక్కడ దొర్లిందో నల్లబల్ల మీద వెదకి చూపగలవాడే ఈ విషయానికి అసలైన ఉపాధ్యాయుడు. ఆ నేర్పు ధ్రువపత్రాలలో కనబడదు.

'''చార్టర్డ్ అకౌంటెంట్లు'''

సీఏ అర్హతను స్నాతకోత్తర పట్టాతో సమానంగా 2021లో యూజీసీ గుర్తించింది. దీనితో సీఏలకు నెట్ వ్రాసే దారి ఏర్పడినది. అయితే పై పట్టికలో ఆడిట్ అనుభవానికి గడియే లేదు. ఐదేళ్ళు కంపెనీల లెక్కలు తనిఖీ చేసిన సీఏకు ఆ పనికి ఒక్క మార్కూ రాదు. ఐదేళ్ళు పాఠం చెప్పినవారికి ఏడాదికి 2 చొప్పున పది మార్కులూ వస్తాయి. 2022లో వచ్చిన 'ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్' పథకం వృత్తి అనుభవాన్ని గుర్తించినప్పటికీ, కనీసం 15 ఏళ్ళ అనుభవం కోరినందున యువ సీఏలకు ఉపయోగపడలేదు.