ఆర్నాల్డ్ ఫ్రెండ్: వేషం బయటపడ్డ తరువాత కూడా గెలిచే ప్రతినాయకుడు

గత భాగంలో అమెరికన్ రచయిత్రి జాయిస్ కరోల్ ఓట్స్ రాసిన 'వేర్ ఆర్ యూ గోయింగ్, వేర్ హావ్ యూ బీన్?' కథాసారాన్ని తెలుసుకున్నారు. ఈ కథ 1966లో 'ఎపోక్' పత్రికలో అచ్చయింది. 'ఎక్కడికి వెళ్తున్నావు, ఎక్కడి నుంచి వచ్చావు' అనే అర్థం వచ్చే ఈ శీర్షిక కింద రచయిత్రి బాబ్ డిలాన్‌కు అంకితం ఇచ్చారు. ఇప్పుడు ఇందులోని ప్రతినాయకుడు ఆర్నాల్డ్ ఫ్రెండ్‌ను ఎలా అర్థం చేసుకోవాలో పరిశీలిద్దాం.

ముందుగా ఒక హెచ్చరిక. ఈ పాత్ర గురించి రాయమంటే చాలామంది విద్యార్థులు 'అతడు సైతానుకు ప్రతీక' అని ఒక వాక్యం రాసి ఊరుకుంటారు. అది తప్పు కాదు. కానీ అక్కడితో ఆగితే కథలో అసలు భయపెట్టే విషయం చేతికి అందదు.

మోసానికి వాడిన సరుకులు

కథను ఒకసారి గుర్తుచేసుకోండి. పదిహేనేళ్ల కానీ ఒక ఆదివారం ఇంట్లో ఒంటరిగా ఉంటుంది. అమ్మ, నాన్న, అక్క జూన్ పిన్నిగారింట్లో విందుకు వెళ్లారు. బంగారు రంగు పూసిన పాత కారు ఒకటి వాకిట్లోకి వస్తుంది. అందులో ఆర్నాల్డ్, అతని స్నేహితుడు ఎల్లీ ఉంటారు. కానీ ఆర్నాల్డ్‌ను అంతకుముందే ఒక రాత్రి హోటల్ బయట క్షణకాలం చూసింది. అతడు వేలు ఆడిస్తూ ఏదో బెదిరింపులాంటి మాట అన్నాడు. ఆమె పట్టించుకోలేదు.

మొదట అతడు ఆమె ఈడు కుర్రాడిలాగే కనిపిస్తాడు. బిగుతు ప్యాంటు, బూట్లు, నల్ల కళ్లద్దాలు, రేడియోలో ఆమెకు నచ్చిన పాటల కార్యక్రమం: అన్నీ సరిగ్గా అమరాయి. ఇక్కడ రచయిత్రి పనితనాన్ని గమనించండి. మోసగాడు కొత్త వస్తువేదీ తీసుకురాలేదు. ఆ పిల్ల ఇష్టాలనే ఏరి తెచ్చి ఒంటికి తగిలించుకున్నాడు. వంటింట్లో ఏ పాట మోగుతోందో, కారులో ఎల్లీ చేతిలోని ట్రాన్సిస్టర్‌లోనూ అదే మోగుతుంది. ఆర్నాల్డ్ మాట తీరు కూడా రేడియోలో పాటలు పరిచయం చేసే మనిషి గొంతులాగే ఊగుతుంది. కానీకి అతడు ఎప్పటి నుంచో తెలిసినవాడిలా అనిపించడానికి కారణం అదే.

తరువాత ఒక్కొక్క అతుకూ ఊడుతుంది. తనకు పద్దెనిమిదేళ్లు అంటాడు. ఆమె చూస్తుండగానే ముప్పైకి తగ్గడని తేలుతుంది. ముఖానికి రంగు పూసి మెడను మరచిపోయినట్టు ఉంటుంది. జుట్టు సొంతదో విగ్గో తెలియదు. బూట్లలో ఏదో కూరినట్టుంది, అడుగు తడబడుతుంది. కారు మీద రాసిన కుర్రకారు మాట నిరుటిది, ఈ ఏడాది ఎవరూ అనడం లేదు. ఈ చివరి వివరం నాకు అన్నిటికన్నా పదునైనదిగా అనిపిస్తుంది. వయసును రంగుతో దాచవచ్చు గానీ, పిల్లల మాటలు ఏ నెలకు పాతబడతాయో బయటివాడికి అందదు.

కానీ ఇవన్నీ తానే గుర్తిస్తుంది. కథ ప్రథమ పురుషలో సాగినా, ఆద్యంతం ఆమె కళ్లతోనే చూస్తాం. ఆర్నాల్డ్ మనసులోకి రచయిత్రి ఒక్కసారి కూడా తీసుకెళ్లరు. అందువల్ల 'అమాయకురాలు మోసపోయింది' అని రాయడం పాఠానికి అన్యాయం. కథ సగం దాటేసరికి మోసం బట్టబయలైంది. అయినా చివరికి ఆమె తలుపు తీసుకుని బయటికి నడుస్తుంది. ఎందుకు? ఈ పాత్రను వ్యాఖ్యానించడమంటే ఈ ప్రశ్నకు జవాబు వెతకడమే.

గడప దాటని మనిషి

జాలీ తలుపు అవతల నిలబడి, ఫోను ముట్టుకోనంతవరకూ లోపలికి రానని ఆర్నాల్డ్ మాట ఇస్తాడు. ఆ తలుపు తనను ఆపలేదనీ అంటాడు. ఆమే రావాలి, అదీ తన కాళ్లతోనే. మనకు సీతాపహరణం వెంటనే గుర్తుకొస్తుంది. వాల్మీకంలో లేని లక్ష్మణరేఖ తరువాతి కథనాల్లో చేరి జనం నోట నిలిచింది. పోలిక చేయవచ్చు, కానీ తేడా కూడా చెప్పాలి. రావణుడి సన్యాసివేషం పనిచేసింది కాబట్టి సీత భిక్ష వేయడానికి వచ్చింది. ఇక్కడ వేషం పూర్తిగా జారిపోయాక కానీ గడప దాటుతుంది.

ఆమెను కదిలించేది వేషం కాదు, మాట. ఆ మాట ఎలా మారుతుందో వరుసగా చదవండి. మొదట షికారుకు రమ్మని బతిమాలతాడు. తరువాత ఆమె స్నేహితుల పేర్లు, ఇంటివాళ్లు ఎక్కడ ఉన్నారో, అక్కడ ఏం చేస్తున్నారో చెబుతాడు. పోలీసు బెదిరింపు అతని మీద పనిచేయదు. చివరికి ఆమె రాకపోతే ఇంటివాళ్లకు ఏమవుతుందో సూచిస్తాడు. గొంతు మాత్రం ఎక్కడా పెరగదు. ఆమె ఫోను ఎత్తి, నంబరు తిప్పలేక అందులోకి ఏడుస్తుంది. అతడు పెట్టేయమంటే పెట్టేస్తుంది. ఆ క్షణం నుంచి తన శరీరం తనది కానట్టు, దూరం నుంచి చూస్తున్నట్టు ఆమెకు అనిపిస్తుంది.

వ్యాఖ్యానాలు

సైతాను అనే వాదానికి బలమైన ఆధారాలే ఉన్నాయి. తడబడే పాదాలు గిట్టలను తలపిస్తాయి. పిలవకుండా గడప దాటడు. అన్నీ తెలిసినవాడిలా మాట్లాడతాడు. ఇంగ్లీషులో అతని పేరు నుంచి రెండు 'ఆర్' అక్షరాలు తీసేస్తే 'యాన్ ఓల్డ్ ఫీండ్', అంటే ముసలి పిశాచం, మిగులుతుంది. కారు మీది 33, 19, 17 అంకెలను కొందరు విమర్శకులు బైబిలుతో ముడిపెట్టారు. పాత నిబంధనలో చివరి నుంచి లెక్కిస్తే 33వ గ్రంథం న్యాయాధిపతులు. అందులో 19వ అధ్యాయం 17వ వచనంలో ఒక ముసలివాడు బాటసారిని అడిగే ప్రశ్నే ఈ కథ శీర్షికకు దగ్గరగా ఉంది. లెక్క కుదిరింది. అయితే ఆ ముసలివాడు ప్రయాణికుడికి ఆశ్రయం ఇచ్చినవాడు, ఆర్నాల్డ్‌లాంటివాడు కాదు. పరీక్షలో దీన్ని ప్రస్తావించండి, దీనిమీదే జవాబు కట్టవద్దు.

రెండవది వాస్తవ దృష్టి. అరిజోనాలోని టక్సన్ నగరంలో చార్ల్స్ ష్మిడ్ అనే యువకుడు 1964, 65 ప్రాంతాల్లో ముగ్గురు అమ్మాయిలను చంపాడు. పొడుగు కనిపించడానికి బూట్లలో సరుకు కూరుకునేవాడు, ముఖానికి రంగు పూసుకునేవాడు. 1966లో 'లైఫ్' పత్రిక అతని మీద వ్యాసం ప్రచురించింది. ఓట్స్ దానిని కొంతవరకే చదివి ఆపేశానని తరువాత రాశారు. అంటే గిట్టల్లాంటి ఆ బూట్లు ముందు ఒక నేరస్థుడి బూట్లు. తొలి ప్రతికి ఆమె పెట్టిన పేరు 'డెత్ అండ్ ది మెయిడెన్'. మృత్యువు, కన్యల పాత యూరోపియన్ చిత్రసంప్రదాయం నుంచి తీసుకున్నది. వార్త, రూపకం రెండూ మొదటి నుంచీ కలిసే ఉన్నాయన్నమాట. ఒకదాన్ని ఎంచుకుని రెండవదాన్ని తోసేయనవసరం లేదు.

ఇదంతా కానీ కల అనే వాదం కూడా ఉంది. ఆమె ఎండలో కునుకు తీసి లేచిన కొద్దిసేపటికే కారు వస్తుంది. నాకు ఇది అంతగా నచ్చదు. కల అనేస్తే ఆ బెదిరింపు బరువు తగ్గిపోతుంది.

ముగింపును ఎలా చదవాలి?

ఇంటివాళ్లను కాపాడడానికి కానీ తనను బలి ఇచ్చుకుందని కొందరు అంటారు. భయంతో చేష్టలుడిగిన మనిషి నడకను త్యాగం అనడం న్యాయమా అని మరికొందరు అడుగుతారు. పాఠం రెండింటికీ చోటిస్తుంది. ఇంటివాళ్ల మీద బెదిరింపు స్పష్టంగా ఉంది, తనను తాను బయటి నుంచి చూసుకునే మగత కూడా అంతే స్పష్టంగా ఉంది. నా మొగ్గు రెండవ వైపు. పిల్ల బయటికి వెళ్లింది కాబట్టి ఇష్టపడే వెళ్లిందనడం ఆర్నాల్డ్ సొంత వాదన. ఆమే రావాలని అతడు పట్టుబట్టింది అందుకే.

1985లో వచ్చిన 'స్మూత్ టాక్' సినిమాలో కానీ తిరిగి ఇంటికి చేరుతుంది. కథలో అలా లేదు. ఎండలో పరచుకున్న, ఆమె ఎన్నడూ చూడని నేల దగ్గర కథ ఆగిపోతుంది. సినిమా ముగింపును కథ ముగింపుగా రాయకండి.

మీ ప్రగతిని పరిశీలించుకోండి

ఆర్నాల్డ్ వేషం ఏ క్షణంలో పూర్తిగా జారిపోయిందని మీరు భావిస్తున్నారు? ఆ తరువాత కానీ చేసే పనుల్లో ఏది ఆమె నిర్ణయం, ఏది కాదు? కథ నుంచి ఆధారాలు చూపుతూ పదిహేను వాక్యాల్లో రాయండి.