ఉపగ్రహమునకు పైరు తెలియుట ఎట్లు?

గుంటూరు, చిలకలూరిపేటల నడుమనున్న ఎడ్లపాడు ప్రాంతమున ప్రత్తి, మిరప చేలు ప్రక్కప్రక్కనే కనిపించును. గట్టుపై నిలిచిన రైతునకు ఏది ప్రత్తియో, ఏది మిరపయో ఒక్క చూపున తెలియును. 800 కిలోమీటర్లకు పైని తిరుగు ఉపగ్రహమునకు తెలియుట ఎట్లు?

2011లో ఇస్రో ప్రయోగించిన రిసోర్స్‌శాట్-2 నందలి లిస్-3 అను కెమెరా, నేలను 23.5 మీటర్ల భుజముగల గళ్లుగా చూచునట్లు నిర్మింపబడినది. ఆకుపచ్చ, ఎరుపు కాంతులనేగాక, మన కంటికి కానరాని రెండు పరారుణ కాంతులను గూడ అది కొలుచును. ఆరోగ్యముగా ఉన్న ఆకు ఎరుపును పీల్చుకొని, సమీప పరారుణ కాంతిని మిక్కుటముగా పైకి త్రిప్పి పంపును.

ఈ కొలతలు అంకెలుగా షాద్‌నగరు గ్రాహక కేంద్రమునకు చేరును. పిదప కంప్యూటరు ప్రతి గడికిని అక్షాంశ రేఖాంశములను కూర్చి, గ్రామ పటముతో సరిపెట్టి, అంకెలు పోలిన గళ్లను ఒక తరగతిగా చేర్చును. కాని ఆ తరగతి పేరు దానికి తెలియదు. కొన్ని చేలకు మనుష్యులు స్వయముగా పోయి, పైరు పేరు వ్రాసికొని వచ్చి చెప్పవలసినదే.

ఎకరమునకు అట్టి గళ్లు సుమారు 7 మాత్రమే. అరయెకరపు చేనికి మూడో నాలుగో. గట్టుమీది గడిలో పొరుగుచేని పైరును కలసిపోవును. వానకాలపు మబ్బులు కమ్మినచో ఈ కెమెరాకు నేలయే కానరాదు. మండలమంతటి ప్రత్తి విస్తీర్ణమును చక్కగా తెలుపు చిత్రమే, చిన్న రైతు నష్టమును తెలుపుటలో తప్పవచ్చును. కావున పరిహారపు లెక్క వ్రాయునపుడు, పటముతోబాటు చేలో నిలిచి చూచినవాని సాక్ష్యమును గూడ చేర్చవలెను.