ఉత్ప్రేరక పరివర్తకమును మార్చినచో కారు శక్తి పెరుగునా?

భువనగిరి మీదుగా హైదరాబాదు–వరంగల్లు రహదారిపై పోవు పెట్రోలు కార్లలో, ఇంజనుకును సైలెన్సరుకును నడుమ ఒక లోహపు డబ్బా ఉండును. అదియే కెటాలిటిక్ కన్వర్టర్, అనగా ఉత్ప్రేరక పరివర్తకము. దీనిని మార్చినచో కారు శక్తి పెరుగుననియు, ధ్వని గంభీరమగుననియు కొందరి నమ్మకము. ఇది ఎంతవరకు నిజము?

డబ్బాలో తేనెపట్టు వంటి పింగాణి దిమ్మ కలదు. దాని సన్నని రంధ్రముల గోడలపై ప్లాటినము, పల్లేడియము, రోడియముల పూత ఉండును. సుమారు 300 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో ఇవి, తాము తరగకయే, కార్బన్ మోనాక్సైడును కార్బన్ డయాక్సైడుగను, కాలక మిగిలిన పెట్రోలు ఆవిరిని కార్బన్ డయాక్సైడు, నీరుగను, నైట్రోజన్ ఆక్సైడులను నైట్రోజనుగను మార్చును.

ఈ రంధ్రములలో పొగకు కొంత అడ్డు తగులును. రంధ్రములు పెద్దవైనచో అడ్డు తగ్గును. కాని మామూలు కారునకు దానివలన కలుగు లాభము స్వల్పము. పాతది పూడిపోయినపుడు క్రొత్తది వేసినచో ఇంజను చురుకగును. అది పోయిన శక్తి తిరిగి వచ్చుటయే గాని, అదనపు శక్తి కాదు. ఇక ధ్వని నణచుట ముఖ్యముగ సైలెన్సరు పని.

పరివర్తకమును తీసివేసి వట్టి గొట్టము వేసినచో శబ్దము హెచ్చును. విషవాయువులు నేరుగా బజారులోనికి వచ్చును. కార్బన్ మోనాక్సైడు రక్తములోని హిమోగ్లోబినును ఆక్సిజన్ కంటె 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. అందుకే 1995 ఏప్రిల్‌లో మొదట నాలుగు మహానగరములలో క్రొత్త పెట్రోలు కార్లకు ఈ పరికరమును తప్పనిసరి చేసిరి. 2020 ఏప్రిల్ నుండి దేశమంతట భారత్ స్టేజి-6 ప్రమాణములు అమలులోనికి వచ్చినవి.

కావున పరివర్తకము కారునకు బలమిచ్చు యంత్రము కాదు; దారిన నడచువారి ఊపిరిని కాపాడు సాధనము.