జ్వరం తగ్గింది, మాత్రలు మిగిలాయి

1897 ఆగస్టు. సికింద్రాబాద్ పక్కనే ఉన్న బేగంపేట సైనిక ఆస్పత్రిలో హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగి దోమతెరలో పడుకుని దోమలతో కుట్టించుకున్నాడు. కుట్టిన ఒక్కో దోమకు ఒక్కో అణా కూలి. ఆ అణాలు ఇచ్చింది సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్. పంకా ఊపితే కోసిపెట్టుకున్న దోమలు ఎగిరిపోతాయని ఉక్కపోతలోనే పనిచేశాడాయన. కారిన చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయి. ఆగస్టు 20న, రెక్కల మీద మచ్చలున్న ఒక దోమ పొట్ట గోడలో నల్లటి రేణువులు నిండిన గుండ్రటి కణాలు కనిపించాయి. మలేరియా క్రిమి దోమ కడుపులో పెరుగుతోందనడానికి అదే తొలి ఆధారం. అయిదేళ్లకు, 1902లో, రాస్‌కు నోబెల్ వచ్చింది.

ఇంతవరకూ నగరంలో చాలామందికి తెలిసిందే. నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికి అధికారికంగా ఉన్నది కూడా ఆయన పేరే. అంతగా ఎవరూ చెప్పుకోని సంగతి ఒకటుంది. జ్వరంతో వచ్చే రోగులు ఎంతోమంది ఉండగా ఆయనకు హుస్సేన్ ఖానే ఎందుకు పనికొచ్చాడు?

అతని రక్తంలో నెలవంకలు ఉన్నాయి కాబట్టి. ఫాల్సిపేరం రకం మలేరియా క్రిమి మనిషి రక్తంలో కొంతకాలం పెరిగాక ఆడ, మగ రూపాలు తీసుకుంటుంది. సూక్ష్మదర్శిని కింద అవి అచ్చం నెలవంకల్లా వంగి కనిపిస్తాయి. రోగికి జ్వరం తెప్పించేవి అవి కావు. దోమ వచ్చి పీల్చుకెళ్లేదాకా రక్తంలో అలా తిరుగుతూ ఉంటాయి. అప్పట్లో ప్రధానమైన మందు క్వినైన్. అది జ్వరాన్ని దించేది గానీ ముదిరిన నెలవంకలను ఏమీ చేయలేకపోయేది. రోగి లేచి పనికి వెళ్లేవాడు, రోగం మాత్రం ఊళ్లోనే ఉండేది.

ఆనాటి నుంచి మలేరియా వైద్యం చేసిన పోరాటమంతా ఆ ఖాళీని పూడ్చడానికే. ప్రయోగశాలలో క్రిమిని చంపే రసాయనాలు ఎన్నో దొరికాయి. వాటిని రోగి ఎన్ని రోజులు మింగాలి, పసిపిల్లకు ఎలా పట్టించాలి, ఎవరికి ఇస్తే ప్రాణం మీదికొస్తుంది అన్నవే అసలు చిక్కుముళ్లు. గత పదేళ్ల పరిశోధనలో ఎక్కువ భాగం నడిచిందీ వీటి చుట్టూనే.

మందును జనానికి చేర్చే ఆలోచన బ్రిటిష్ పాలనలోనే మొదలైంది. 1892 నుంచి బెంగాల్ తపాలా కార్యాలయాల్లో క్వినైన్ పొడిని పైసా పొట్లాలుగా అమ్మారు. తపాలా బిళ్ల కొనుక్కున్నట్టే చలిజ్వరానికి మందు కొనుక్కోవచ్చు. భరించరాని చేదు వల్ల జ్వరం తగ్గీ తగ్గగానే మానేసేవాళ్లకు లెక్కలేదు. తర్వాత క్లోరోక్విన్ వచ్చింది. 1934లో జర్మనీలోని బేయర్ ప్రయోగశాలలో పుట్టిన ఈ చవక మాత్ర యుద్ధానంతరం ప్రపంచమంతా పాకింది. ఫాల్సిపేరం దానికి అలవాటు పడింది కూడా. మన దేశంలో ఆ మొండితనం తొలిసారి బయటపడింది 1973లో, అస్సాంలోని కార్బీ ఆంగ్‌లాంగ్‌లో.

ఇప్పుడు ఆశా కార్యకర్త సంచిలో ఉండే ఫాల్సిపేరం మందు అట్టను ఒకసారి దగ్గరగా చూడాలి. వయసును బట్టి అట్ట రంగు మారుతుంది. ఏడాదిలోపు పసివాళ్లకు గులాబీ, నాలుగేళ్లవరకు పసుపు, ఎనిమిదేళ్లవరకు ఆకుపచ్చ, పద్నాలుగేళ్లవరకు ఎరుపు, ఆపైన తెలుపు. పెద్దల తెల్ల అట్టలో మూడు రోజులకు మూడు ఆర్టెసునేట్ మాత్రలు, మొదటి రోజు వేసుకోవాల్సిన సల్ఫాడాక్సిన్-పైరిమెథమిన్ మాత్రలు రెండు ఉంటాయి. చదువు రాని తల్లి కూడా పిల్ల వయసు చెబితే చాలు, మోతాదు తప్పే వీలు లేదు. ఇంత ఆలోచించి అట్ట తయారుచేసినవాళ్లను అభినందించాల్సిందే. రెండు మందులు ఎందుకంటే, ఆర్టెసునేట్ మెరుపులా పనిచేసి కొన్ని గంటల్లోనే ఒంట్లోంచి వెళ్లిపోతుంది. మిగిలిన క్రిములను ఏరివేయడానికి తోడుగా నెమ్మదైన మందొకటి ఉండాలి. విడిగా ఆర్టెసునేట్ మాత్రలు అమ్మితే క్రిమి దానికీ అలవాటు పడుతుందని 2009లో మన ప్రభుత్వం నిషేధించింది.

నెలవంకలకు వేరే మాత్ర ఉంది. దాని పేరు ప్రైమాక్విన్. ఫాల్సిపేరం రోగికి రెండో రోజున ఒక్క మోతాదు ఇస్తే అతన్ని కుట్టే దోమకు రోగం అంటదు.

అదే ప్రైమాక్విన్ వైవాక్స్ రకానికి వచ్చేసరికి కథ మారిపోతుంది. వైవాక్స్ క్రిమి కాలేయంలో నిద్రపోతుంది. క్లోరోక్విన్ మూడు రోజుల్లో రక్తాన్ని శుభ్రం చేస్తుంది, జ్వరం పోతుంది. కాలేయంలోని క్రిమి వారాలకో నెలలకో నిద్రలేచి మళ్లీ చలిజ్వరం తెస్తుంది. దాన్ని అక్కడే చంపాలంటే మన జాతీయ కార్యక్రమం ప్రకారం ప్రైమాక్విన్ 14 రోజులు వేసుకోవాలి, పెద్దవాళ్లయితే రోజుకు 15 మిల్లీగ్రాములు. పరగడుపున వేసుకుంటే కడుపులో నొప్పి. నాలుగో రోజుకల్లా ఒంట్లో బాగానే ఉంటుంది. పొలం పనో కూలి పనో పిలుస్తూ ఉంటే మిగతా పది రోజులూ మాత్ర వేసుకునేవాళ్లెందరు? గూట్లో మిగిలిపోయిన మాత్రలే మళ్లీ వచ్చే జ్వరానికి దారి.

రోజులు తగ్గించి మోతాదు పెంచితే పోదా అంటే, అక్కడ జీ6పీడీ అడ్డొస్తుంది. ఎర్ర రక్తకణాలను కాపాడే ఈ ఎంజైమ్ కొందరిలో పుట్టుకతోనే తక్కువ. మలేరియా తరతరాలుగా ఉన్న ప్రాంతాల జనాభాలో ఈ లోపం ఎక్కువ కనిపిస్తుంది. వాళ్లకు ప్రైమాక్విన్ ఇస్తే రక్తకణాలు పగిలిపోతాయి. మూత్రం నల్లబడినా, కళ్లు పచ్చబడినా వెంటనే మాత్ర ఆపి ఆస్పత్రికి రమ్మని చెప్పేది అందుకే. గర్భిణులకు, ఏడాది నిండని పిల్లలకు అసలు ఇవ్వరు.

2018లో అమెరికా అనుమతి పొందిన టాఫెనోక్విన్ ఈ చిక్కును ఒక్క మోతాదుతో తెంచేస్తుందని అందరూ ఆశపడ్డారు. 300 మిల్లీగ్రాములు ఒక్కసారి వేసుకుంటే రెండు వారాల తర్వాత కూడా అందులో దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది. ప్రైమాక్విన్ గంటల్లో వెళ్లిపోతుంది. ఈ మందు రెండో దశ పరీక్షల్లో భారత రోగులూ పాల్గొన్నారు. ఒంట్లో అంతకాలం నిలిచే మందు జీ6పీడీ లోపమున్నవారికి ప్రమాదం, ఒకసారి మింగాక ఆపడానికి ఉండదు. అందుకని ఎంజైమ్ 70 శాతానికి పైగా ఉందని పరీక్షలో తేలాకే ఇవ్వాలి. 2024 నవంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని సిఫారసు చేసింది గానీ దక్షిణ అమెరికాకే పరిమితం చేసింది. మన వైపు దేశాల్లో ఆ మోతాదుతో అంత మంచి ఫలితం కనిపించలేదు.

మనకు దగ్గర దారి ఇంకొకటి ఉంది. అఫ్గానిస్థాన్, ఇథియోపియా, ఇండోనేసియా, వియత్నాం దేశాల్లో రెండు వేలమందికి పైగా రోగులతో జరిగిన పరీక్ష ఫలితం 2019లో లాన్సెట్‌లో వచ్చింది. 14 రోజుల ప్రైమాక్విన్‌ను ఏడు రోజులకు కుదించి, రోజువారీ మోతాదు రెట్టింపు చేసినా మందు అంతే బాగా పనిచేసింది. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడు రోజుల కోర్సును ఆమోదించింది. కిలో బరువుకు అర మిల్లీగ్రాము చొప్పున ఏడు రోజులిస్తే మనం 14 రోజుల్లో ఇచ్చే మొత్తమే అవుతుంది. ఒక వారం తగ్గడం కూలి మనిషికి చిన్న విషయం కాదు.

పసిపిల్లల సంగతి మరీ ఆలస్యంగా తెమిలింది. ఏళ్లతరబడి పెద్దల మాత్రను విరిచి, నలిపి, తేనెతోనో పాలతోనో పట్టించేవారు. సగం కక్కేస్తే లోపలికి ఎంత పోయిందో ఎవరికీ తెలిసేది కాదు. నోవార్టిస్ 2009లో చెర్రీ రుచితో నీళ్లలో కరిగే ఆర్టెమెథర్-ల్యూమెఫాంట్రిన్ మాత్ర తెచ్చింది. అయిదు కిలోలలోపు శిశువులకు ప్రత్యేక మందు రావడానికి 2025 జులై వరకు ఆగాల్సి వచ్చింది. స్విట్జర్లాండ్ ఆమోదించిన ఆ మాత్ర తల్లిపాలలోనూ కరుగుతుంది.

2025 నవంబర్‌లో వచ్చిన గానాప్లసైడ్ ఫలితం చదివితే హుస్సేన్ ఖాన్ నెలవంకలు గుర్తుకు రాక మానవు. ఆఫ్రికాలోని 12 దేశాల్లో 1,688 మంది మీద పరీక్షించారు. కొత్త రకం రసాయనం గానాప్లసైడ్‌ను ల్యూమెఫాంట్రిన్‌తో కలిపి పొట్లంలో గుళికలుగా ఇస్తారు, రోజుకోసారి, మూడు రోజులు. పాత ల్యూమెఫాంట్రిన్‌ను కొవ్వున్న ఆహారంతో రోజుకు రెండుసార్లు వేసుకుంటే గానీ ఒంటికి సరిగా పట్టదు. దాని తయారీ మార్చి రోజుకొక్కసారికి తెచ్చారు. 97.4 శాతం మందికి నయమైంది, ఇప్పుడున్న మందుతో 94 శాతం. నెలవంకల మీద కూడా ఇది పనిచేస్తోంది. ఆఫ్రికాలో ఆర్టెసునేట్, ఆర్టెమెథర్ లాంటి ఆర్టెమిసినిన్ మందులకు క్రిమి మొండికేస్తున్న ఈ రోజుల్లో ఇది పెద్ద ఊరట.

టీకా వైపు చూస్తే సికింద్రాబాద్ మళ్లీ లెక్కలోకి వస్తుంది. ఇక్కడి నుంచి కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారిలో శామీర్‌పేట దాటితే జీనోమ్ వ్యాలీ. అక్కడి భారత్ బయోటెక్‌కు ప్రపంచంలోనే తొలి మలేరియా టీకా ఆర్‌టీఎస్-ఎస్ పరిజ్ఞానాన్ని బదిలీ చేయడానికి ఔషధ సంస్థ జీఎస్‌కే 2021లో ఒప్పందం కుదుర్చుకుంది. 2028 నాటికి డోసు ధర అయిదు డాలర్లలోపుకు దించుతామని రెండు సంస్థలూ 2025లో ప్రకటించాయి. ఆ టీకా ప్రధానంగా ఆఫ్రికా పిల్లలకు, ఫాల్సిపేరం రకానికి. కాలేయంలో నిద్రపోయే వైవాక్స్‌కు అది మందు కాదు.

2027కల్లా స్థానికంగా ఒక్క మలేరియా కేసూ లేకుండా చేయాలనీ, 2030కి నిర్మూలించాలనీ దేశం లక్ష్యం పెట్టుకుంది. నగరాల్లో అది సాధ్యంగానే కనిపిస్తోంది. గట్టి పరీక్ష ఎదురయ్యేది పాడేరు, చింతూరు, భద్రాచలం, ఏటూరునాగారం ఏజెన్సీల్లో. వాగు పొంగితే ఆరోగ్య కేంద్రానికి దారే ఉండని గూడేల్లో 14 రోజులు ఎదురుగా నిలబడి మాత్ర మింగించడం ఏ ఆశా కార్యకర్తకూ సాధ్యం కాదు. అక్కడికి ముందుగా చేరాల్సింది వేలి చివర రక్తపు చుక్కతో నిమిషాల్లో జీ6పీడీ కొలిచే చేతి పరికరం. అలాంటి పరికరానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 డిసెంబర్‌లో నాణ్యతా గుర్తింపు ఇచ్చింది. అది ప్రతి ఏజెన్సీ పీహెచ్‌సీ బల్ల మీద ఉంటే ఏడు రోజుల కోర్సు మొదలుపెట్టడానికి కొత్త మందు కోసం ఎదురుచూడనక్కర్లేదు. 1952 నుంచి దొరుకుతున్న ప్రైమాక్విన్ మాత్రే చాలు.