పెంపుడు కుక్కకు గాయమైతే

జార్జియా రాష్ట్రంలో కమ్మింగ్ పట్టణం లేనియర్ సరస్సుకు, అడవులకు చేరువలో ఉన్నది. పెరటిలో తిరిగే పెంపుడు కుక్క ఏ కంచెకో గీరుకొనవచ్చు, ఏ రాకూన్ కాటుకో గురికావచ్చు.

నొప్పితో ఉన్న కుక్క యజమానినైనా కరుస్తుంది. ఆయాసం, వాంతులు లేకుంటేనే గుడ్డపట్టీతో దాని మూతి కట్టాలి. చేతులకు తొడుగులు ధరించి, శుభ్రమైన గుడ్డతో గాయాన్ని 5 నుంచి 10 నిమిషాలు అదిమిపట్టాలి. మధ్యలో ఎత్తి చూస్తే గడ్డకట్టుతున్న రక్తం చెదురుతుంది. రక్తం ఆగకున్నా, గాయం లోతైనదైనా కడుగుతూ కూర్చొనక వెంటనే పశువైద్యుని వద్దకు చేర్చాలి.

చిన్న గాయమైతే, కాచి చల్లార్చిన అరలీటరు నీటిలో టీ చెంచాడు ఉప్పు కరిగించి కడగాలి. హైడ్రోజన్ పెరాక్సైడ్, స్పిరిట్ గాయాన్ని మాన్పవలసిన జీవకణాలనే దెబ్బతీస్తాయి. మన వంటింటి పసుపును సైతం గాయంలో కూరరాదు. టైలినాల్, ఐబుప్రొఫెన్ వంటి మనుషుల మాత్రలు కుక్కకు ప్రాణాంతకం కాగలవు.

కాటు పైకి సూదిబెజ్జమంత కనిపించినా లోపల చీము పట్టవచ్చు. ఆనాడే వైద్యునికి చూపాలి. కరచినది రాకూన్ అయితే రేబీస్ భయమున్నది కనుక కౌంటీ ఆరోగ్యశాఖకూ తెలపాలి. 1885లో పాశ్చర్ ప్రయోగించిన టీకా నాటి నుంచి నేటి వరకూ సత్యమొకటే: లక్షణాలు కనిపించాక ఆ వ్యాధికి మందు లేదు. గడువు తప్పని టీకాయే కుక్కకూ, కుటుంబానికీ రక్ష.